ముఖ్యమైన ఆటగాడు నియమము తప్పితే



సంక్రాంతికి, వేసవి సెలవులకు మన పల్లెలలో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలు జరుగుతుంటాయి. ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. కూతకు వెళ్తే ఇద్దరిని ముట్టి గాని తిరిగిరాడు. బ్యాటు పట్టుకుంటే బంతి చెరువు గట్టు మీద పడుతుంది. అయితే అతడు ప్రాక్టీసుకు రాడు. వచ్చినా అందరి తరువాత వస్తాడు. పోటీకి ముందు రాత్రి తాగి ఎక్కడో పడుకుంటాడు. మిగిలిన కుర్రవాళ్ళు తెల్లవారుజామున లేచి మైదానము చుట్టూ పరుగెత్తుతుంటే అతడు మంచము మీదనే ఉంటాడు. అయినను పోటీ నాడు కాగితము మీద మొదటి పేరు అతనిదే.

ఇటువంటి ఆటగాడిని పక్కన పెట్టాలా, వద్దా? "వాడు లేకపోతే ఓడిపోతాము గదా" అని పెద్దలంటారు. "వాడికొక న్యాయము, మాకొక న్యాయమా?" అని కుర్రవాళ్ళంటారు. రెండు మాటలలోనూ నిజమున్నది. కోట్ల రూపాయలు చేతులు మారే పెద్ద క్లబ్బులలో కూడా ఈ ప్రశ్న వస్తూనే ఉన్నది. జట్టు నియమమును ఆటగాడు మీరినప్పుడు, అందులోనూ అతడు జట్టుకు ప్రాణము వంటివాడైనప్పుడు, అతనిని కొన్ని ఆటలకు దూరముగా ఉంచుట మేలా, కీడా? జరిగిపోయిన కొన్ని సంగతులను చూచి ఆలోచిద్దాము.

ఒక్క పాయింటుతో పోయిన కప్పు

ఇంగ్లాండులో మాంచెస్టర్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బున్నది. 1990ల తొలి సంవత్సరములలో ఆ క్లబ్బుకు ఎరిక్ కాంటొనా అనే ఫ్రెంచి ఆటగాడు వెన్నెముక వంటివాడు. 1995 జనవరి 25న క్రిస్టల్ ప్యాలెస్ జట్టుతో ఆడుతూ ఎదుటి ఆటగాడిని తన్నినందుకు రెఫరీ అతనిని మైదానము నుండి పంపివేశాడు. బయటికి నడుస్తుండగా ప్రేక్షకులలో ఒకడు దూషించాడు. కాంటొనా అడ్డుగోడ మీదుగా ఎగిరి ఆ మనిషి రొమ్ము మీద కాలితో తన్నాడు.

అప్పుడు క్లబ్బు ఏమి చేసింది? ఫుట్‌బాల్ సంఘము తీర్పు చెప్పేవరకు ఎదురుచూడలేదు. ఆ సీజను ముగిసేవరకు అతడు ఆడకూడదని తానే నిర్ణయించి, రెండు వారాల జీతము జరిమానా వేసింది. తరువాత సంఘము ఆ నిషేధమును సెప్టెంబరు 30 వరకు పొడిగించింది. న్యాయస్థానము రెండు వారాల జైలు విధించగా, అప్పీలులో అది 120 గంటల సమాజసేవగా మారింది. కాంటొనా ఆ గంటలలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించాడు.

క్లబ్బు ఇందుకు చెల్లించిన వెల చిన్నది కాదు. ఆ సంవత్సరము లీగులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌కు 89 పాయింట్లు, మాంచెస్టర్ యునైటెడ్‌కు 88 పాయింట్లు వచ్చాయి. ఒక్క పాయింటు తేడా. ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో కూడా ఎవర్టన్ చేతిలో ఒక గోలుతో ఓడిపోయారు. కాంటొనా ఉండి ఉంటే రెండు కప్పులూ వచ్చేవేమోనని నేటికీ అభిమానులు మాట్లాడుకుంటారు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. నిషేధములో ఉండగానే కాంటొనా విసిగిపోయి ఆ క్లబ్బును వదిలిపోవాలనుకున్నాడు. మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ స్వయముగా పారిస్ నగరమునకు వెళ్ళి, అతనితో కూర్చుండి మాట్లాడి, ఉండిపొమ్మని ఒప్పించాడు. 1995 అక్టోబరు 1న కాంటొనా తిరిగి మైదానములోనికి వచ్చి, ఆ ఆటలోనే పెనాల్టీ గోలు చేశాడు. 1996లో ఆ క్లబ్బు లీగును, ఎఫ్.ఏ. కప్పును రెండింటినీ గెలిచింది. కప్పు ఫైనల్లోని ఏకైక గోలు కాంటొనాదే. శిక్ష వేసిన క్లబ్బే వెతుక్కుంటూ వెళ్ళి తిరిగి తెచ్చుకొనుట ఇందులో మనము గమనించవలసిన సంగతి.

జరిమానాతో సరిపెట్టవచ్చు గదా అని కొందరంటారు. ఇంగ్లాండు ఫుట్‌బాల్లో ఆటగాళ్ళ సంఘముతో ఉన్న ఒప్పందము ప్రకారము క్లబ్బు వేసే జరిమానా సాధారణముగా రెండు వారాల జీతము దాటదు. ధనవంతుడైన ఆటగాడికి అది దోమ కుట్టినట్టు ఉంటుంది. అదే మన ఊరి కూలివాని కొడుకుకు 200 రూపాయలు జరిమానా వేస్తే ఆ పూట ఇంటిలో పొయ్యి వెలగకపోవచ్చు. డబ్బు శిక్ష ఒకనికి తేలిక, ఒకనికి బరువు. ఆట ఆడనివ్వకపోవుట మాత్రము ధనవంతునికీ పేదవానికీ ఒక్కటే నొప్పి. ఆటలో తప్పుకు ఆటలోనే శిక్ష తగినదని అందుకే చాలామంది కోచ్‌లు తలుస్తారు.

రెండుసార్లు ఇంటికి

ఆస్ట్రేలియా క్రికెటర్ ఆండ్రూ సైమండ్స్ పేరు మన హైదరాబాదువారికి బాగా తెలుసు. 2008లో దక్కన్ ఛార్జర్స్ జట్టు అతనిని 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నది. ఆ వేలములో ధోనీ తరువాత అంత ధర పలికినవాడు అతడే. బ్యాటు, బంతి, ఫీల్డింగు మూడింటిలోనూ దిట్ట.

2005 జూన్ 18న ఇంగ్లాండు దేశములోని కార్డిఫ్‌లో ఆస్ట్రేలియాకు బంగ్లాదేశ్‌తో పోటీ ఉన్నది. ముందు రాత్రి చాలాసేపు తాగి, ఆ మత్తు దిగకుండానే సైమండ్స్ ఉదయము జట్టు వద్దకు వచ్చాడు. కెప్టెన్ రికీ పాంటింగ్, జట్టు పెద్దలు అతనిని ఆ ఆట నుండి తప్పించారు. ప్రపంచ విజేతలైన ఆస్ట్రేలియావారు ఆ రోజు అందరికంటె చిన్న జట్టైన బంగ్లాదేశ్ చేతిలో 5 వికెట్ల తేడాతో ఓడిపోయారు. లోకమంతా నవ్వింది. అయినను నిర్ణయమును మార్చుకోలేదు, రెండు ఆటల సస్పెన్షను వేశారు.

తరువాత సైమండ్స్ బాగా ఆడాడు. 2007లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. అయితే 2008 ఆగస్టులో డార్విన్ నగరములో జట్టు సమావేశమునకు తప్పక రావలసి ఉండగా, చేపలు పట్టుటకు వెళ్ళిపోయాడు. ఇంటికి పంపివేశారు. ఆ సంవత్సరము భారతదేశ పర్యటనకు కూడా తీసుకురాలేదు. మళ్ళీ అవకాశమిచ్చారు. మద్యము గూర్చి ప్రత్యేకమైన షరతులు పెట్టి ఒప్పందము వ్రాయించుకున్నారు. 2009 జూన్‌లో ట్వంటీ20 ప్రపంచ కప్పుకు వెళ్ళినప్పుడు ఆ షరతు తప్పాడు. ఒక్క ఆటయైనా మొదలుకాకముందే ఇంటికి పంపారు. ఆస్ట్రేలియా ఆడిన రెండు ఆటలూ ఓడి మొదటి దశలోనే బయటికి వచ్చింది. సైమండ్స్ మరి ఎన్నడూ తన దేశము తరఫున ఆడలేదు. 2022 మే నెలలో కారు ప్రమాదములో 46 సంవత్సరముల వయస్సులో మరణించాడు.

దీనిని బట్టి మనము ఒక సంగతి నేర్చుకోవాలి. సస్పెన్షను జట్టులో క్రమమును కాపాడగలదు గాని, తప్పు చేసినవాని అలవాటును దానంతట అదే మార్చలేదు. తాగుడు వంటి అలవాటున్నవానిని పది ఆటలకు దూరముగా ఉంచితే పది సాయంత్రములు అతనికి ఖాళీ దొరుకుతాయి. ఆ సాయంత్రములు ఎవరితో గడుపుతాడు? శిక్ష వేసిన పెద్దలు ఆ ప్రశ్న కూడా అడగాలి.

ఆటశాలకు తాళము

అమెరికా దేశములో కాలిఫోర్నియా రాష్ట్రమున రిచ్‌మండ్ అనే పట్టణమున్నది. అక్కడి హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టుకు కెన్ కార్టర్ కోచ్. తాను చిన్నప్పుడు అదే స్కూలులో ఆడినవాడు. సీజను మొదట్లోనే ప్రతి పిల్లవానితో, తల్లిదండ్రులతో ఒక కాగితము మీద సంతకము చేయించాడు. స్కూలు అడిగేదానికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలి, ప్రతి తరగతికీ వెళ్ళాలి, ముందు వరుసలో కూర్చోవాలి, పోటీ ఉన్న రోజున టై కట్టుకుని రావాలి. ఇవీ ఆ కాగితములోని నియమాలు.

1999 జనవరి నాటికి ఆ జట్టు 13 ఆటలు ఆడి 13 గెలిచింది. పట్టణమంతా సంతోషములో ఉన్నది. అప్పుడు ఉపాధ్యాయుల నుండి కార్టర్‌కు నివేదికలు వచ్చాయి. పెద్ద జట్టు, చిన్న జట్లు కలిపి 45 మంది పిల్లలలో 15 మంది మాట తప్పారు. కార్టర్ ఆటశాలకు తాళము వేశాడు. బంతి ఆట మాని గ్రంథాలయమునకు వచ్చి చదువుకొమ్మన్నాడు. ఆడవలసిన పోటీలు కూడా ఆపివేశాడు. పట్టణములో చాలామందికి కోపము వచ్చింది. గెలిచే జట్టును పాడుచేస్తున్నాడని తిట్టారు. మార్కులు మెరుగుపడిన తరువాతనే తాళము తీశాడు. 2005లో ఈ సంగతి మీద సినిమా కూడా వచ్చింది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. 30 మంది మాట నిలబెట్టుకున్నారు గదా, వారిని ఎందుకు ఆపాలి? ఈ ప్రశ్న న్యాయమైనదే. తప్పు చేసినవానినే ఆపుట మామూలు పద్ధతి. అయితే ఆ కోచ్ దృష్టిలో ఒకడు తరగతి ఎగ్గొడుతుంటే చూచి ఊరుకున్న స్నేహితుడు కూడా జట్టు పని చేయలేదు. ఎవరు దీనిని ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా, ఒక్క సంగతి మాత్రము గట్టిది. పిల్లలలో చాలామందికి బాస్కెట్‌బాల్ ఆడే సంవత్సరములు స్కూలుతోనే అయిపోతాయి. చదువు రానివానికి ఆ తరువాత చేతిలో ఏమీ ఉండదు. అతడు ఆ రోజున చూచినది వచ్చే వారము ఆటను కాదు, ఆ పిల్లల రాబోయే ముప్పై సంవత్సరములను.

మన తెలుగువారి పేరు

ఇంతవరకు చెప్పినవి విని, శిక్ష ఎప్పుడూ మంచిదే అనుకోవద్దు. శిక్ష ముసుగులో అన్యాయము కూడా జరుగుతుంది. దానికి సాక్ష్యము కొరకు దూరదేశము వెళ్ళనక్కరలేదు.

1936లో ఇంగ్లాండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ విజయనగరము మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు. అందరూ విజ్జీ అనేవారు. కెప్టెన్ పదవి ఆయనకు ఆట వలన గాక హోదా వలన, పలుకుబడి వలన వచ్చింది. ఆ జట్టులో లాలా అమర్‌నాథ్ ఉన్నాడు. 1933లో బొంబాయిలో భారతదేశము తరఫున మొట్టమొదటి టెస్టు సెంచరీ కొట్టినవాడు అతడే.

టెస్టులకు ముందు లార్డ్స్ మైదానములో మైనర్ కౌంటీస్ జట్టుతో ఆట జరుగుతున్నది. అమర్‌నాథ్‌ను ప్యాడ్లు కట్టుకుని సిద్ధముగా ఉండమన్నారు. తరువాత అతని కంటె ముందు ఇతరులను పంపిస్తూ, అతనిని కూర్చోబెట్టి ఉంచారు. ఆట ముగియుటకు కొద్ది నిమిషములు ఉన్నదనగా పంపారు. తిరిగివచ్చిన తరువాత అతడు కోపముతో ప్యాడ్లు విసిరి, పంజాబీలో ఏదో అన్నాడు. అంతే. మొదటి టెస్టు రాకముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపివేశారు. భారత జట్టు మూడు టెస్టులలో రెండు ఓడింది. ఆరు ఇన్నింగ్సులలో విజ్జీ చేసిన పరుగులు 33.

తరువాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ ఆధ్వర్యములో విచారణ జరిగింది. ఆ విచారణ అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ నాయకత్వమును తప్పుపట్టింది. అయితే పోయిన టెస్టులు తిరిగిరావు గదా. ఆ తరువాత యుద్ధము వచ్చింది. అమర్‌నాథ్ మళ్ళీ భారత టెస్టు జట్టులోనికి వచ్చేసరికి 1946 అయింది. పది సంవత్సరములు! స్వతంత్ర భారతదేశమునకు మొదటి టెస్టు కెప్టెన్ అతడే. 1952లో పాకిస్తాన్‌పై మన దేశపు మొదటి టెస్టు సిరీస్ విజయము అతని నాయకత్వములోనే వచ్చింది.

అమర్‌నాథ్ కోపగించుట ఒప్పని నేననను. అయితే శిక్షించినవాడే రెచ్చగొట్టినవాడైతే, ఆ శిక్షకు క్రమశిక్షణ అనే పేరు తగదు. తనకంటె బాగా ఆడేవానిని చూచి ఓర్వలేక నియమ పుస్తకము తెరిచే కెప్టెన్లు మన ఊళ్ళలో కూడా ఉంటారు.

మూడు అంశముల కాగితము

చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేసిన సంగతి కూడా ఒకటి వినండి. 2013 మార్చిలో ఆస్ట్రేలియా జట్టు హైదరాబాదు ఉప్పల్ స్టేడియములో ఇన్నింగ్స్ 135 పరుగుల తేడాతో మన జట్టు చేతిలో ఓడిపోయింది. కోచ్ మికీ ఆర్థర్ ప్రతి ఆటగాడిని మెరుగుపడుటకు మూడు అంశములు ఆలోచించి తెలియజేయమన్నాడు. నలుగురు గడువులోగా ఇవ్వలేదు. వారిలో ఉపకెప్టెన్ షేన్ వాట్సన్ ఒకడు. నలుగురినీ మొహాలీ టెస్టుకు తప్పించారు.

ఇంటి పని చేయలేదని బడిపిల్లలను బెంచీ ఎక్కించినట్టు ఉన్నదని లోకము నవ్వింది. ఇది ఒక్క కాగితము సంగతి కాదు, ఆలస్యముగా రావడము వంటి చిన్న చిన్న ఉల్లంఘనలు చాలా కాలముగా పేరుకుపోయాయని కోచ్, కెప్టెన్ చెప్పారు. అది నిజమే కావచ్చు. అయితే అప్పుడప్పుడే ఒక్కొక్కదానికి చిన్న శిక్ష వేయవలసినది. అన్నింటినీ ఓర్చుకుని, ఓడిపోయిన వారములో ఒక్కసారిగా కుమ్మరిస్తే శిక్ష ఓటమి మీది కోపములాగా కనబడుతుంది. ఆ సిరీస్‌ను ఆస్ట్రేలియా 4-0తో పోగొట్టుకున్నది. వాట్సన్ మాత్రము ఇంటికి వెళ్ళి తిరిగివచ్చి, మైకేల్ క్లార్క్‌కు గాయమైనందున ఢిల్లీలో నాలుగవ టెస్టుకు తానే కెప్టెన్‌గా ఉన్నాడు. జూన్ నెలలో కోచ్ ఉద్యోగమే పోయింది.

పక్కన పెట్టేముందు అడగవలసిన ప్రశ్నలు

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. ముఖ్యమైన ఆటగాడైనా నియమము తప్పితే ఆపాలి. ఇదే నా జవాబు. అయితే ఆపే ముందు పెద్దలు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోవాలి.

1. నియమము ముందుగానే అందరికీ తెలుసా? తప్పు జరిగిన తరువాత పుట్టిన నియమము నియమము కాదు. రిచ్‌మండ్ కోచ్ మొదటే సంతకము తీసుకున్నాడు గనుక అంత ఎదురుగాలిలోనూ నిలువగలిగాడు.

2. ఇదే తప్పును బయట కూర్చునే పన్నెండవవాడు చేస్తే ఇదే శిక్ష వేస్తామా? వేయమంటే అది పక్షపాతము. ముఖ్యుడని తగ్గించినా పక్షపాతమే, ముఖ్యుడని అందరికీ బుద్ధి వచ్చునట్లు హెచ్చించినా పక్షపాతమే.

3. శిక్ష తప్పుకు తగినంత ఉన్నదా? ఆలస్యముగా వచ్చినవానిని మొదటి సగము ఆట బయట కూర్చోబెడితే చాలు. తాగి వచ్చినవానికి ఆ పోటీ లేదు. రెఫరీ మీద చెయ్యి చేసుకున్నవానికి ఆ టోర్నమెంటే లేదు. అన్నింటికీ ఒకే దెబ్బ న్యాయము కాదు.

4. అతని మాట విన్నామా? కోపములో ఉన్న కెప్టెన్ ఒక్కడే తీర్పు తీర్చకూడదు. ఇద్దరు ముగ్గురు పెద్దలు కూర్చుండి, కుర్రవానిని పిలిచి, ఎందుకు రాలేదో అడగాలి. నారు పీకే రోజులలో తండ్రితో పొలములో ఉండి ప్రాక్టీసుకు రాలేకపోయినవాడిని, సినిమాకు పోయినవాడిని ఒకే తక్కెడలో వేయవద్దు.

5. తిరిగివచ్చే దారి ఉన్నదా? ఎన్ని ఆటలో, ఏ తేదీ వరకో చెప్పాలి. అంతవరకు ప్రాక్టీసుకు రమ్మనాలి. "ఇక నీ ముఖము చూపించవద్దు" అనునది సస్పెన్షను కాదు, వెలివేయుట. ఫెర్గూసన్ పారిస్ వెళ్ళినట్లు ఎవరో ఒకరు ఆ కుర్రవాని ఇంటికి వెళ్ళాలి.

గెలుపు పోతుంది గదా?

పోవచ్చు. పోదని మీకు మాట ఇవ్వలేను. మాంచెస్టర్ యునైటెడ్‌కు ఒక్క పాయింటుతో పోయింది. కార్డిఫ్‌లో పాంటింగ్ జట్టుకు పరువే పోయింది. క్రమశిక్షణ పాటిస్తే తప్పక గెలుస్తామని పిల్లలకు చెప్పకండి. ఒకసారి ఓడినప్పుడు ఆ మాట అబద్ధమని వారికి తెలిసిపోతుంది, దానితో పాటు క్రమశిక్షణ మీద నమ్మకము కూడా పోతుంది. వెల ఉన్నదని ముందే చెప్పండి, ఆ వెల ఎందుకు చెల్లిస్తున్నామో చెప్పండి.

ఎందుకు చెల్లించాలి? జట్టులో అతడొక్కడే లేడు. చలిలో లేచి పరుగెత్తిన పది మంది ఉన్నారు. వారిలో కొందరికి పోటీలో దిగే అవకాశము సంవత్సరమునకు ఒక్కసారి కూడా రాదు. తాగి వచ్చినవానికి మనము చోటిచ్చిన ప్రతిసారీ, తెల్లవారుజామున వచ్చినవానికి "నీ కష్టమునకు విలువ లేదు" అని చెప్పినట్లే. ఆ మాటను వారు మైదానములోనే వదిలిపెట్టరు. బడికి తీసుకువెళ్తారు, పనికి తీసుకువెళ్తారు. ఇక ఆ గొప్ప ఆటగాడు కూడా నష్టపోతాడు. ఊరంతా తనను బ్రతిమాలుతుందని నేర్చుకున్నవాడు, బ్రతిమాలని లోకములోనికి వెళ్ళినప్పుడు నిలువలేడు.

తల్లిదండ్రులారా, మీ కుమారుని ఒక ఆటకు ఆపితే కోచ్ ఇంటికి సిఫారసుతో వెళ్ళకండి. అన్యాయము జరిగిందనుకుంటే నెమ్మదిగా అడగండి, విచారించమనండి. కాని తప్పు నిజమైతే ఆ ఒక్క సాయంత్రము బయట కూర్చోనివ్వండి.

జట్టు పెద్దలారా, వచ్చే టోర్నమెంటుకు ముందే నాలుగైదు నియమములు ఒక కాగితము మీద వ్రాయండి. ఎక్కువ వద్దు, ఎవరికీ గుర్తుండవు. అందరిచేత సంతకము చేయించండి, ముందు కెప్టెన్ చేత చేయించండి. ఆ కాగితమును అందరూ చూచే చోట అతికించండి.

యౌవనులారా, నిన్ను ఆపిన రోజున ఇంటిలో పడుకోవద్దు. మైదానమునకు వెళ్ళు. నీ స్థానములో దిగిన తమ్ముడికి నీళ్ళు అందించు. ఎదుటి జట్టులో ఎవడు ఎటు వంగుతాడో నీకు తెలుసు గదా, అది అతనికి చెప్పు. వచ్చే వారము జట్టు కాగితము వ్రాసేటప్పుడు పెద్దలు నిన్ను గూర్చి ఏమనుకుంటారో ఆ సాయంత్రమే తేలుతుంది.